గ్లాన్స్ హెచ్‌టీటీపీ స్టోర్‌కు అప్‌లోడ్ సదుపాయం చేర్చడం: డ్రైవర్ రూపకల్పనపై సలహాలు కావాలి

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. మా విద్యాసంస్థ ప్రయోగశాలలో ఒక చిన్న ఓపెన్‌స్టాక్ క్లౌడ్ నడుపుతున్నాము. వర్చువల్ మెషీన్ల ఇమేజ్‌లన్నీ (డిస్కు ప్రతుల ఫైళ్ళు) ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ నడుస్తున్న ఒక సర్వర్‌లో, పెద్ద డిస్కుల మీద ఉంటాయి. ఇప్పటివరకు నేనే ఫైల్‌ను ఆ సర్వర్‌లోకి విడిగా పంపి, తరువాత దాని వెబ్ చిరునామాను ఓపెన్‌స్టాక్‌లో ఇమేజ్‌లను చూసుకునే గ్లాన్స్‌లో లొకేషన్‌గా నమోదు చేస్తూ వచ్చాను. చదవడం వరకు ఈ ఏర్పాటు చక్కగా నడుస్తోంది. అయితే ఇప్పుడు పరిశోధక విద్యార్థులు తమ ఇమేజ్‌లను తామే ఎక్కించుకుంటామని అడుగుతున్నారు. వారు అప్‌లోడ్ చేయబోతే, స్టోర్ కాన్ఫిగరేషన్‌లో లోపం ఉందని, ఇందులోకి ఇమేజ్‌లు చేర్చడం కుదరదని చెబుతూ గ్లాన్స్ 410 స్పందన ఇస్తోంది.

గ్లాన్స్ స్టోర్ లైబ్రరీలోని హెచ్‌టీటీపీ డ్రైవర్ (ఫైళ్ళు ఉన్న చోటితో గ్లాన్స్ తరఫున మాట్లాడే కోడ్) చదివి చూశాను. అందులో ఫైల్ చేర్చే ఫంక్షన్ లేదు. దానిని నేనే రాసి, వచ్చిన డేటాను హెచ్‌టీటీపీలోని పుట్ (ఫైల్ ఉంచే) అభ్యర్థనతో వెబ్ సర్వర్‌కు పంపి, డిలీట్‌ను కూడా అదే విధంగా చేరుద్దామని అనుకుంటున్నాను. వంద గీతలకు మించని పని అనిపిస్తోంది. మొదలుపెట్టే ముందు, ఇందులో నాకు కనబడని చిక్కులు ఏమైనా ఉంటే తెలిసినవారు చెప్పగలరని మనవి.

చుక్కాని

గోదారిగట్టు గారూ, ముందుగా ఆ 410 ఎక్కడి నుంచి వస్తోందో చెబుతాను. గ్లాన్స్ స్టోర్‌లోని ప్రతి డ్రైవర్ తాను ఏ పనులు చేయగలదో కొన్ని బిట్ల రూపంలో ముందే ప్రకటిస్తుంది. హెచ్‌టీటీపీ డ్రైవర్ ప్రకటించేవి రెండే: చదవగలను, ఒకసారి సిద్ధమైన డ్రైవర్‌ను మళ్ళీ వాడుకోవచ్చు. రాయగలనన్న బిట్ లేదు కనుక, చేర్చే ఫంక్షన్ దాకా వెళ్ళకుండానే లైబ్రరీ ఆ పనిని ఆపేస్తుంది. గ్లాన్స్ ఏపీఐ దానిని 410గా మార్చి వినియోగదారుకు చూపుతుంది. అందువల్ల ఫంక్షన్ ఒక్కటే రాస్తే చాలదు, ఆ బిట్‌ను కూడా ప్రకటించాలి.

ఇక ఫంక్షన్ విషయానికి వస్తే, పని పూర్తయ్యాక అది అయిదు విషయాలు తిరిగి ఇవ్వాలి: ఫైల్ చేరిన లొకేషన్, రాసిన బైట్ల సంఖ్య, ఎండీ5 చెక్‌సమ్ (డేటా మారలేదని సరిచూసే సంఖ్య), కాన్ఫిగరేషన్‌లో ఎంచుకున్న అల్గారిథమ్‌తో లెక్కించిన హాష్, డ్రైవర్‌కు సంబంధించిన మెటాడేటా. ఆ రెండవ హాష్ 2018 నాటి ఓపెన్‌స్టాక్ రాకీ విడుదల నుంచి ఉంది, మార్చకపోతే షా512 వాడుతుంది. డిజిటల్ సంతకం ఉన్న ఇమేజ్ అయితే, ఆ సంతకాన్ని పరిశీలించే ఆబ్జెక్టుకు కూడా ప్రతి ముక్కనూ అందించాలి. ఇవన్నీ డేటా ప్రవహిస్తుండగానే జరగాలి, ఎందుకంటే డ్రైవర్ చేతికి వచ్చేది వెనక్కి తిప్పగలిగిన ఫైల్ కాదు, ఒకే దిశలో పారే ప్రవాహం. దాని పరిమాణం ముందుగా తెలియకపోవచ్చు, తెలియనప్పుడు సున్నా అని వస్తుంది. ఈ ఒక్క విషయమే తరువాతి చిక్కుల్లో సగానికి మూలం.

నల్లమల_అడ్మిన్

కోడ్ కంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. దానిని కొంచెం వివరంగా రాస్తాను, ఓపికతో చదవండి.

హెచ్‌టీటీపీ డ్రైవర్‌కు రాసే శక్తి లేకపోవడం ఎవరో తీరిక లేక వదిలేసిన పని అని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోవడం లేదు. ఆ డ్రైవర్ లొకేషన్‌గా స్వీకరించేది ఏ వెబ్ చిరునామానైనా. అది మీ ఇంజిన్‌ఎక్స్ సర్వర్ కావచ్చు, ఉబుంటు క్లౌడ్ ఇమేజ్‌ల సైట్ కావచ్చు, మరెవరి సర్వరైనా కావచ్చు. గ్లాన్స్ దృష్టిలో అవన్నీ పరాయి ఫైళ్ళే, తనకు చదివే అనుమతి మాత్రమే ఉంది. అందుకే ఇమేజ్‌ను తొలగించినప్పుడు, ఈ స్టోర్ తొలగింపును అనుమతించదని లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి, తన డేటాబేస్‌లోని నమోదును మాత్రం తీసివేసి ఊరుకుంటుంది. అసలు ఫైల్ జోలికి పోదు.

ఇప్పుడు మీరు అదే డ్రైవర్‌లో డిలీట్ చేర్చారనుకుందాం. మీ డేటాబేస్‌లో ఇప్పటికే నమోదై ఉన్న పాత ఇమేజ్‌లన్నిటికీ ఆ క్షణం నుంచే ఆ కోడ్ వర్తిస్తుంది. ఎవరో ఒక విద్యార్థి పాత నమోదును తొలగిస్తే, గ్లాన్స్ ఆ బయటి సర్వర్‌కు డిలీట్ అభ్యర్థన పంపుతుంది. బయటి సర్వర్ దానిని నిరాకరించవచ్చు, అది వేరే సంగతి. కానీ అభ్యర్థనతోపాటు మీ వెబ్ సర్వర్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ కూడా అక్కడికి వెళితే? లేదా ఆ చిరునామా మీ సంస్థలోనే మరొక విభాగం సర్వర్‌దై, అక్కడ డిలీట్ తెరిచి ఉంటే? పక్కవారి పొలంలోని చెట్టు ఎక్కడుందో మన పుస్తకంలో రాసుకున్నంత మాత్రాన దానిని కొట్టే హక్కు మనకు రాదు.

కనుక నా అభిప్రాయం స్పష్టం. హెచ్‌టీటీపీ డ్రైవర్‌ను దాని మానాన వదిలేయండి. రాయగలిగిన స్టోర్‌ను వేరే డ్రైవర్‌గా, వేరే స్కీమ్ (చిరునామా మొదట్లో హెచ్‌టీటీపీ వంటి భాగం) పేరుతో రాయండి. గ్లాన్స్ స్టోర్ తన డ్రైవర్లను పైథాన్ ఎంట్రీ పాయింట్ల (ప్యాకేజీలు తమ కోడ్‌ను నమోదు చేసుకునే పద్ధతి) ద్వారా వెతుక్కుంటుంది కాబట్టి, మూల లైబ్రరీని ముట్టుకోకుండా విడి ప్యాకేజీగానే దీనిని అమర్చవచ్చు. పరాయి చిరునామాలను చదివే డ్రైవర్, సొంత ఫైళ్ళను రాసి తొలగించే డ్రైవర్ ఒకే కప్పు కింద ఉండకూడదు.

గోదారిగట్టు

నల్లమల గారూ, మీరు చెప్పిన ప్రమాదం నిజంగా నా ఆలోచనకు రాలేదు, ధన్యవాదాలు. అయితే ఒక సందేహం. కాన్ఫిగరేషన్‌లో మా సర్వర్ మూల చిరునామాను ఇచ్చి, లొకేషన్ ఆ చిరునామాతో మొదలైతేనే డిలీట్ పంపాలని ఒక షరతు పెడితే అదే డ్రైవర్‌తో సరిపోదా? వేరే డ్రైవర్ అంటే ఇప్పటికే ఉన్న చదివే కోడ్‌ను మళ్ళీ రాయవలసి వస్తుంది కదా?

నల్లమల_అడ్మిన్

చదివే కోడ్‌ను మళ్ళీ రాయనక్కరలేదు. పాత తరగతి నుంచి వారసత్వంగా తీసుకోవచ్చు.

షరతు మాత్రం వినడానికి తేలికగానే ఉంటుంది కానీ, అక్షరాల పోలికతో చేస్తే నిలవదు. మూల చిరునామా చివర ఏటవాలు గీత లేకపోతే, మీ హోస్ట్ పేరుతో మొదలై ఆ వెంటనే మరొక డొమైన్ తగిలించుకున్న పేరు కూడా షరతును దాటేస్తుంది. హోస్ట్ పేరుకు ముందు యూజర్ పేరు, ఆ పక్కన ఎట్ గుర్తు పెట్టి కూడా ఏమార్చవచ్చు. దారిలో రెండు చుక్కలు పెట్టి పై ఫోల్డర్‌కు ఎగబాకే ప్రయత్నం, వాటినే శాతం గుర్తులతో సంకేతీకరించి దాచే ప్రయత్నం కూడా ఉంటాయి. చిరునామాను భాగాలుగా విడదీసి, స్కీమ్, హోస్ట్, పోర్ట్, దారి అన్నీ వేర్వేరుగా పోల్చితే తప్ప ఆ షరతును నమ్మలేము.

మరొక కారణం కూడా ఉంది. గ్లాన్స్‌లో ఇతర చోట్ల హెచ్‌టీటీపీ అనే రకం పేరే చదవడానికి మాత్రమే అన్న అర్థంలో వాడుకలో ఉంది. అందుబాటులో ఉన్న స్టోర్ల జాబితాను ఏపీఐ ద్వారా అడిగి చూడండి, ఆ రకం స్టోర్ పక్కన చదవడానికి మాత్రమే అని కనబడుతుంది. అది డ్రైవర్ ప్రకటించిన బిట్లను చూసి పెట్టిన గుర్తు కాదు, రకం పేరును చూసి పెట్టినది. మీరు డ్రైవర్‌ను మార్చినా ఆ గుర్తు మారదు.

వేరే స్కీమ్ పెట్టాక కూడా జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. వినియోగదారులు లొకేషన్ నమోదు చేసేటప్పుడు గ్లాన్స్ కొన్ని స్కీమ్‌లను నిషేధిస్తుంది. స్థానిక ఫైల్ స్కీమ్, స్విఫ్ట్ (ఓపెన్‌స్టాక్ ఆబ్జెక్ట్ స్టోరేజ్) కాన్ఫిగరేషన్ స్కీమ్ అటువంటివి. మీ కొత్త స్కీమ్ ఆ జాబితాలో ఉండదు. లొకేషన్ నమోదు హక్కు ఉన్న విద్యార్థి మరొకరి ఇమేజ్ ఫైల్ చిరునామాను మీ స్కీమ్‌తో తన ఇమేజ్‌కు తగిలించుకుని, ఆ తరువాత తన ఇమేజ్‌ను తొలగిస్తే, మీ డ్రైవర్ ఆ మరొకరి ఫైల్‌ను తుడిచివేస్తుంది. మీరు లొకేషన్లు నమోదు చేస్తున్నారంటే బహుళ లొకేషన్లను చూపే ఐచ్ఛికం ఆన్‌లోనే ఉండి ఉంటుంది. లొకేషన్ పెట్టే, తొలగించే, చూసే పాలసీలు (అనుమతి నియమాలు) మూడింటినీ అడ్మిన్‌కు మాత్రమే పరిమితం చేయండి.

చివరిగా పాస్‌వర్డ్ విషయం. లొకేషన్ చిరునామాలో పాస్‌వర్డ్ ఎన్నడూ ఉండకూడదు. స్విఫ్ట్ డ్రైవర్‌లో ఒకప్పుడు అలాగే ఉండేది. తరువాత కాన్ఫిగరేషన్ ఫైల్‌లోని ఒక విభాగం పేరును మాత్రమే లొకేషన్‌లో పెట్టే పద్ధతి తెచ్చారు. మీరు నేరుగా ఆ రెండవ పద్ధతితోనే మొదలుపెట్టండి.

పాతబస్తీ_సర్వర్లు

నేను వెబ్ సర్వర్ వైపు మాట్లాడతాను. ఇంజిన్‌ఎక్స్‌లో పుట్, డిలీట్, మూవ్ వంటివి డావ్ (వెబ్‌డావ్, అంటే వెబ్ ద్వారా ఫైళ్ళను మార్చే హెచ్‌టీటీపీ పొడిగింపు) మాడ్యూల్ ద్వారా వస్తాయి. మూల కోడ్ నుంచి కట్టేటప్పుడు విడిగా కోరితే తప్ప ఈ మాడ్యూల్ చేరదు. మీ ప్యాకేజీలో ఉందో లేదో పెద్ద వీ ఐచ్ఛికంతో నడిపి చూడండి, కట్టినప్పుడు వాడిన ఐచ్ఛికాలన్నీ అందులో కనిపిస్తాయి.

మాడ్యూల్ ఉన్నా మొదట తగిలే గోడ అభ్యర్థన పరిమాణం. మార్చకపోతే ఇంజిన్‌ఎక్స్ 1 మెగాబైట్‌కు మించిన అభ్యర్థనను 413తో తిప్పి పంపుతుంది. గ్లాన్స్ వైపు ఒక ఇమేజ్‌కు డీఫాల్ట్ గరిష్ఠ పరిమితి 1 టెబిబైట్. ఈ రెండింటి మధ్య మీ డిస్కుకు తగిన అంకె ఒకటి ఎంచుకుని రెండు చోట్లా అదే పెట్టండి.

రెండవది ఇంకా ముఖ్యం, దీని గురించి ఎవరూ చెప్పరు. ఇంజిన్‌ఎక్స్ పుట్‌లో వచ్చిన డేటాను ముందుగా తాత్కాలిక ఫోల్డర్‌లో రాసుకుని, అంతా వచ్చాక అసలు పేరుకు మారుస్తుంది. సగం వచ్చిన ఫైల్ అసలు పేరుతో ఎన్నడూ కనబడదు కనుక ఇది మంచి గుణమే. కానీ ఆ తాత్కాలిక ఫోల్డర్ వేరే ఫైల్ సిస్టమ్ మీద ఉంటే, పేరు మార్పు క్షణంలో జరిగే పని కాకుండా మొత్తం ఫైల్‌ను కాపీ చేసే పని అవుతుంది. 20 గిగాబైట్ల ఇమేజ్ మొత్తం పంపేశాక గ్లాన్స్ స్పందన కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, సర్వర్ డిస్కు నుంచి డిస్కుకు కాపీ చేస్తూ ఉంటుంది, ఈలోగా గ్లాన్స్ గడువు ముగిసి అప్‌లోడ్ విఫలమైందని ప్రకటిస్తుంది, ఆ తరువాత ఫైల్ మాత్రం భద్రంగా చేరి కూర్చుంటుంది. పైగా రూట్ డిస్కు చిన్నదైతే అది నిండిపోయి సర్వరే ఆగిపోవచ్చు. తాత్కాలిక ఫోల్డర్‌ను ఇమేజ్‌లున్న ఫైల్ సిస్టమ్ మీదనే పెట్టండి, కానీ బయటికి కనిపించే ఫోల్డర్‌కు వెలుపల పెట్టండి.

మధ్యలో ఆగిన అప్‌లోడ్‌ను ఆగిన చోటి నుంచి కొనసాగించే ఆలోచన ఉంటే వదులుకోండి. ఫైల్‌లో ఒక భాగాన్ని మాత్రమే సూచించే హెడర్‌తో పుట్ వస్తే ఇంజిన్‌ఎక్స్ 501తో నిరాకరిస్తుంది. మరొక మాట: చదివే అనుమతి కంప్యూట్ సర్వర్లకు కూడా ఉండవచ్చు గానీ, రాసే పద్ధతులు గ్లాన్స్ ఏపీఐ నడిచే సర్వర్ల ఐపీ చిరునామాల నుంచి మాత్రమే తెరవండి. పాస్‌వర్డ్ ఉంది కదా అని దీనిని విడిచిపెట్టవద్దు.

శ్రీకారం

పైథాన్ వైపు నేను చేర్చగలిగినవి కొన్ని ఉన్నాయి. హెచ్‌టీటీపీ డ్రైవర్ రిక్వెస్ట్స్ లైబ్రరీని వాడుతుంది కనుక మీరూ అదే వాడతారు. పుట్‌కు డేటాగా ఒక జనరేటర్‌ను (డేటాను ముక్కముక్కగా అందించే పైథాన్ ఫంక్షన్) ఇవ్వండి. అందులో ప్రతి ముక్కను చదివి, రెండు హాష్‌లను, బైట్ల లెక్కను నవీకరించి, ఆ ముక్కను ముందుకు పంపాలి. పరిమాణం తెలియని జనరేటర్ కనుక రిక్వెస్ట్స్ దానిని ముక్కల పద్ధతిలో, అంటే మొత్తం పొడవు ముందుగా చెప్పకుండా పంపుతుంది. ఇంజిన్‌ఎక్స్ ఈ పద్ధతిని 1.3.9 కూర్పు నుంచి అర్థం చేసుకుంటుంది. వేరే సర్వర్లలో కొన్ని 411 ఇచ్చి పొడవు చెప్పమంటాయి.

అసలు చిక్కు ఏమిటంటే, జనరేటర్‌ను వెనక్కి తిప్పలేము. సర్వర్ 307తో మరొక చోటికి పొమ్మన్నా, ముందు 401 ఇచ్చి ధ్రువీకరణ అడిగినా, అప్పటికే ఖర్చయిన డేటాను మళ్ళీ పంపే దారి లేదు. కాబట్టి పుట్‌కు దారి మళ్ళింపులను పూర్తిగా ఆపివేయండి. పాత డ్రైవర్ చదివేటప్పుడు 5 మళ్ళింపుల వరకు అనుసరిస్తుంది, ఆ అలవాటును రాసే వైపుకు తేవద్దు. బేసిక్ ధ్రువీకరణను (యూజర్ పేరు, పాస్‌వర్డ్) టీఎల్‌ఎస్ (సంకేతీకరించిన కనెక్షన్) మీద మొదటి అభ్యర్థనలోనే పంపండి.

డేటా పంపే ముందు సర్వర్ అనుమతి కోసం ఆగే హెడర్ హెచ్‌టీటీపీలో ఉంది. కానీ పైథాన్ ప్రామాణిక లైబ్రరీ దాని కోసం ఆగదు, డేటాను నేరుగా పంపేస్తుంది. అంటే పాస్‌వర్డ్ తప్పు అయినా ఎన్నో గిగాబైట్లు నెట్‌వర్క్ మీద ప్రవహించాకే తెలిసే అవకాశం ఉంది. దీనికి నేను సూచించే మార్గం సాధారణమైనదే: అసలు డేటాకు వాడబోయే తాత్కాలిక పేరుతోనే ముందుగా సున్నా బైట్ల ఫైల్‌ను ఒకటి పుట్ చేయండి. సర్వర్ 201 ఇస్తే అనుమతి, ఫోల్డర్, ధ్రువీకరణ మూడూ సరిగా ఉన్నట్లే. ఆ తరువాత అసలు డేటా పంపినప్పుడు 204 వస్తుంది, ఎందుకంటే ఇంజిన్‌ఎక్స్ కొత్త ఫైల్‌కు 201, ఉన్న ఫైల్ మీద రాస్తే 204 ఇస్తుంది.

చుక్కాని

శ్రీకారం గారు తాత్కాలిక పేరు అన్నారు, అది ఎందుకు కావాలో చెప్పడం అవసరం. అప్‌లోడ్ మధ్యలో తెగిపోతే గ్లాన్స్ ఆ ఇమేజ్‌ను తిరిగి క్యూలో ఉన్న స్థితికి తెస్తుంది. వినియోగదారు అదే ఇమేజ్ ఐడీతో మళ్ళీ ప్రయత్నిస్తారు. మీరు ఐడీనే ఫైల్ పేరుగా పెట్టి, ఉన్న ఫైల్ మీద రాయకూడదన్న నియమం పెడితే, పాతబస్తీ గారు చెప్పినట్లు గడువు దాటాక ఆలస్యంగా చేరిన ఫైల్ ఒకటి అక్కడ ఉండి రెండవ ప్రయత్నాన్ని అడ్డుకుంటుంది. నియమం పెట్టకపోతే, చురుకుగా వాడుకలో ఉన్న ఇమేజ్ మీద మరొక అభ్యర్థన రాసే అవకాశం మిగిలిపోతుంది. రెండూ ఆమోదయోగ్యం కావు.

కాబట్టి ఐడీకి యాదృచ్ఛిక అక్షరాలు కొన్ని చేర్చిన పేరుతో పుట్ చేయండి. బైట్ల లెక్క సరిపోయాక మూవ్ అభ్యర్థనతో అసలు పేరుకు మార్చండి. ఆ మూవ్‌లో, గమ్యం ఉంటే మీద రాయవద్దని చెప్పే ఓవర్‌రైట్ హెడర్‌ను ఎఫ్ విలువతో పంపండి. 2007 నాటి వెబ్‌డావ్ ప్రమాణం, ఆర్‌ఎఫ్‌సీ 4918, ప్రకారం గమ్యం అప్పటికే ఉంటే 412 రావాలి. దానిని మీ డ్రైవర్ డూప్లికేట్ లోపంగా మారిస్తే గ్లాన్స్ వినియోగదారుకు 409 చూపుతుంది. డిస్కు నిండినప్పుడు వచ్చే 507ను స్టోరేజ్ నిండింది అన్న లోపంగా మార్చండి. ఏ కారణంతో విఫలమైనా తాత్కాలిక పేరును తొలగించే ప్రయత్నం చేసి, ఆ తొలగింపు విఫలమైతే మొదటి లోపాన్ని దాచివేయకుండా లాగ్‌లో మాత్రమే రాయండి.

మూవ్‌లో గమ్యాన్ని పూర్తి చిరునామాగా ఇస్తే, అందులోని హోస్ట్ పేరు అభ్యర్థన హోస్ట్ హెడర్‌తో సరిపోవాలని ఇంజిన్‌ఎక్స్ పట్టుబడుతుంది. మధ్యలో హోస్ట్ హెడర్‌ను మార్చే ప్రాక్సీ ఏదైనా ఉంటే మూవ్ నిరాకరణకు గురవుతుంది. హోస్ట్ లేకుండా దారి మాత్రమే ఇస్తే ఈ తలనొప్పి ఉండదు.

కొల్లేరు

అందరూ డ్రైవర్ రాయడం గురించే మాట్లాడుతున్నారు కనుక, రాయకుండా ఉండే దారి గురించి ఒకరు చెప్పాలి. గ్లాన్స్‌లో ఎస్3 (అమెజాన్ ఆబ్జెక్ట్ స్టోరేజ్ ఇంటర్‌ఫేస్) డ్రైవర్ ఉంది. ఒకప్పుడు చూసుకునేవారు లేక దానిని తీసివేశారు, 2020 నాటి ఉసూరి విడుదలలో తిరిగి చేర్చారు. ఆ చరిత్రను మీ సొంత డ్రైవర్‌కు కూడా అన్వయించి చూడండి: మీరు సంస్థ మారాక దానిని ఎవరు చూసుకుంటారు? అదే సర్వర్ మీద ఎస్3 భాష మాట్లాడే ఆబ్జెక్ట్ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ ఒకటి పెడితే, మీరు ఇక్కడ చర్చిస్తున్న పరిమాణం తెలియని ప్రవాహం, సగంలో ఆగిన ఫైల్ వంటి సమస్యలు చాలావరకు అక్కడ ముందే పరిష్కారమై ఉంటాయి. 100 మెగాబైట్లు దాటిన ఇమేజ్‌ను ఆ డ్రైవర్ 10 మెగాబైట్ల భాగాలుగా విడదీసి పంపుతుంది, చివరి అభ్యర్థన వచ్చేదాకా ఆబ్జెక్ట్ కనిపించదు. ఒక ఆబ్జెక్టుకు 10,000 భాగాలే పరిమితి కనుక 100 గిగాబైట్లకు దగ్గరపడే ఇమేజ్‌లు ఉంటే భాగం పరిమాణాన్ని పెంచుకోవాలి. అంతే.

ఇంకా సులువైనది ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫోల్డర్లను పంచుకునే పద్ధతి) మీద ఫైల్ సిస్టమ్ డ్రైవర్. దానికి కొత్త కోడ్ ఒక్క గీత కూడా అవసరం లేదు.

గోదారిగట్టు

కొల్లేరు గారూ, మీ ప్రశ్న న్యాయమైనది. ఎన్‌ఎఫ్‌ఎస్ కుదరదు. మా గ్లాన్స్ సర్వర్లకు, నిల్వ సర్వర్‌కు మధ్య ఉన్న ఫైర్‌వాల్ హెచ్‌టీటీపీఎస్ వాడే 443 పోర్ట్ తప్ప మరొకటి తెరవనివ్వదు, అది మా చేతిలో లేదు. ఎస్3 దారి మాత్రం ఆలోచించదగినదే. అయితే ఆ సర్వర్‌లోని ఫైళ్ళను క్లౌడ్‌తో సంబంధం లేని ఇతర ప్రయోగశాలలు కూడా నేరుగా వెబ్ ద్వారా దించుకుంటాయి. అవి మామూలు ఫైళ్ళుగా, మామూలు పేర్లతో ఉండడం మాకు ముఖ్యం. కాబట్టి వేరే డ్రైవర్‌గా వెబ్‌డావ్ మార్గంలోనే ముందుకు వెళతాను. నా తరువాత చూసుకునేవారి కోసం కోడ్‌ను చిన్నదిగా ఉంచి, పరీక్షలను దానితోపాటే ఉంచుతాను. ముందుగా రాసే పరీక్షలు ఇవి: సగంలో కనెక్షన్ తెంచి తాత్కాలిక ఫైల్ మిగిలిందో లేదో చూడడం, ఒకే ఐడీతో రెండు అప్‌లోడ్‌లు ఒకేసారి జరిపి రెండవదానికి 412 వస్తోందో లేదో చూడడం, పరాయి హోస్ట్‌తో తయారుచేసిన లొకేషన్ ఇచ్చి డిలీట్ అభ్యర్థన అసలు బయటికే వెళ్ళడం లేదని నిర్ధారించుకోవడం.

పాత హెచ్‌టీటీపీ లొకేషన్లతో ఉన్న ఇమేజ్‌లను ఏమి చేయాలన్నది ఇంకా తేలలేదు.

నల్లమల_అడ్మిన్

ఆ మూడవ పరీక్షను మొదటిదిగా రాయండి.

పాత ఇమేజ్‌లను కదపనక్కరలేదు. బహుళ స్టోర్ల అమరికలో రెండు డ్రైవర్లూ పక్కపక్కనే ఉండగలవు. హెచ్‌టీటీపీ స్టోర్ పాతవాటిని చదువుతూ ఉంటుంది, డీఫాల్ట్ స్టోర్‌గా కొత్తదానిని పెడితే అప్‌లోడ్‌లన్నీ అందులోకే వెళతాయి. ఏదైనా పాత ఇమేజ్‌ను నిజంగా మీ ఆధీనంలోకి తెచ్చుకోవాలనుకుంటే, ఉసూరి నుంచి ఉన్న కాపీ ఇమేజ్ ఇంపోర్ట్ పద్ధతితో దానిని కొత్త స్టోర్‌కు కాపీ చేసుకోవచ్చు. అప్పుడు ఆ ఇమేజ్‌కు రెండు లొకేషన్లు ఉంటాయి. కొత్త లొకేషన్‌లోని ఫైల్ హాష్‌ను విడిగా లెక్కించి, సరిచూసుకున్నాకే పాతదానిని తీసివేయండి. కాపీకి ముందు డేటా అంతా గ్లాన్స్ సర్వర్‌లోని స్టేజింగ్ ఫోల్డర్‌లోకి వస్తుంది. అది పెద్ద ఇమేజ్‌లకు తగిన స్థలం ఉన్న చోట ఉందో లేదో చూసుకుని, లేకపోతే ముందే మార్చుకోండి.

విద్యార్థులకు అప్‌లోడ్ తెరిచే రోజుకంటే ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. 2024 జూలైలో బయటపడిన సీవీఈ-2024-32498 అనే భద్రతా లోపాన్ని చూడండి. బయటి డేటా ఫైల్‌ను సూచించే విధంగా తయారుచేసిన క్యూకౌ2 (వర్చువల్ డిస్కు ఫైల్ ఫార్మాట్) ఇమేజ్‌ను ఎక్కించి, సర్వర్‌లోని ఇతర ఫైళ్ళను చదివే వీలు అందులో ఉండేది. గ్లాన్స్, నోవా (వర్చువల్ మెషీన్లను నడిపేది), సిండర్ (డిస్కు వాల్యూమ్‌లను చూసుకునేది) మూడూ ప్రభావితమయ్యాయి. ఇంతవరకు ఇమేజ్‌లన్నీ మీరే ఎక్కించారు కాబట్టి మీకు ఆ బెడద తగలలేదు. మూడింటికీ ఆ సవరణ ఉన్న కూర్పులే నడుస్తున్నాయో లేదో చూసుకుని, లేకపోతే అప్‌గ్రేడ్ అయ్యేదాకా అప్‌లోడ్ పాలసీని అడ్మిన్‌కే ఉంచండి.